మంచిగుందన్నోడు కప్పులు కడగాలె

మొన్నీమధ్య నన్ను ఫోటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. నేనెవరో వాళ్లకు తెలియదు కనుక తప్పు వాళ్లది కాదు. ఒకప్పుడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడు ఊళ్లలోనూ నా ముందు ఫోటో పెట్టాలంటే స్టూడియోల వాళ్లకు చేతులు వణికేవి. నేను చూసి తలాడిస్తే ఆ ఫోటో షోకేసులోకి ఎక్కేది, పెదవి విరిస్తే డ్రాయరులోకి పోయేది. ఇంత రాశాక ఒప్పుకోక తప్పదు: మూడు ఊళ్లలో కలిపి నా ముందు ఫోటో పెట్టినవాళ్లు ఏడుగురు. అందులో ఒకాయనకు చెవులు వినపడవు. ఇంకొకాయన టీ కోసం వచ్చేవాడు. నిజంగా వణికిన చేతులు ఒక్కడివే, అవి కూడా నాకు భయపడి వణికినవి కావని నాకు ఈ మధ్యనే తెలిసింది.

గ్రూపు సంగతి ముందు చెప్తాను. జగిత్యాల కుర్రాడొకడు ఖిల్లా గోడ మీద పెళ్లికొడుకునీ పెళ్లికూతురినీ నిలబెట్టి తీసిన ఫోటో పెట్టాడు. నిమిషం తిరక్కుండా బొటనవేళ్లు, మంటలు, చప్పట్లు, ‘సూపర్ అన్నా’లు. ఒక్కడైనా ఫోటో చూశాడా అని నాకు కడుపు మండింది. పదకొండు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టాను. పెళ్లికొడుకు తలలోంచి కరెంటు స్తంభం మొలిచిందనీ, పెళ్లికూతురు చూస్తున్నది అతన్ని కాదు, పక్కన విప్పి పెట్టిన తన చెప్పులననీ, వాటిని కోతి ఎత్తుకుపోతుందేమోనన్న దిగులు ఆమె మొహంలో ప్రేమకన్నా ఎక్కువ కనపడుతోందనీ వివరంగా చెప్పాను. తెల్లారేసరికి నేను గ్రూపులో లేను. మా ఇంటామె సత్తవ్వకు చెప్తే, ‘‘ఇంట్ల ఉన్నదాన్ని నేనే నీ మాటలు వింటలేను, ఇగ ఊరోళ్లు వింటరా’’ అని బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

నాలుగోరోజు పొద్దున ఒకామె వచ్చింది. యాభై దాటిన మనిషి, నూలు చీర, చేతిలో సంచి. నా అడ్రసు ఆ గ్రూపువాళ్ల దగ్గరే తీసుకుందట. ‘‘నమస్తే పెద్దబాపు. చందుర్తి నుంచి అచ్చిన. బళ్లె టీచర్‌ను, నా పేరు రూతు’’ అంది. ఇంకేం, బడిపిల్లల ఫోటోల పోటీకి నన్ను జడ్జిగా పిలవడానికి వచ్చిందని నాకు నేనే నిర్ణయించుకున్నాను. గ్రూపువాళ్లకు బుద్ధి వచ్చి పంపించారని కూడా అనుకున్నాను. కూర్చోబెట్టి, సత్తవ్వకు టీ పెట్టమని చెప్పి, ఎప్పటిలా మా టీవీ పైన గోడకున్న ఫోటో చూపించాను. అది మా బాపు ఫోటో. సిరిసిల్లలో మా మగ్గాలింట్లో, దర్వాజా వెలుతురుకు బట్ట ఎత్తి పట్టుకుని పోగులు చూస్తుంటాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంటుంది. చూపుడువేలు బట్ట వెనక నీడలా కనపడుతుంది. ఆ ఫోటో చూడకుండా మా ఇంట్లోంచి వెళ్లిన చుట్టం లేడు.

‘‘గీ వెలుతురు కోసం మూడు దినాలు కాపుగాసిన బిడ్డా’’ అన్నాను.

‘‘మూడు దినాలా’’ అంది.

‘‘మూడు దినాలు. మా బాపుకు తెల్వకుంట నూలు కండెల గంప ఎనుక కూసున్న. నాలుగోనాడు ఎండ సరిగ్గ దర్వాజలకు అచ్చింది. ఒక్కటే ఫిలిం ఉండె. ఊపిరి బందు పెట్టి ఒత్తిన.’’

ఆమె టీ తాగుతూ మొత్తం విన్నది. బడిలో పిల్లవాడు చేయని హోంవర్కు గురించి చెప్తుంటే వినే టీచరు ఓపిక అది. నేను మాత్రం దాన్ని భక్తి అనుకున్నాను. కప్పు కింద పెట్టి, సంచిలోంచి కవరు తీసి, కవరులోంచి అరచేయంత ఫోటో ఒకటి తీసి టీపాయ్ మీద పెట్టింది. అదే మా బాపు, అదే బట్ట, అదే వేలు.

‘‘మా బాపు దేవదానం. పోయినేడు కాలం జేసిండు. ఇది ఆయన తీసింది, నెగెటివ్ గూడ నాకాడున్నది’’ అంది.

మిక్చరు ప్లేటుతో వంటింట్లోంచి వస్తున్న సత్తవ్వ గడపలోనే ఆగింది. పెళ్లైన నాటి నుంచి ఆ మూడు రోజుల కథ చుట్టాలకు నాకన్నా బాగా చెప్పేది ఆమే. నన్ను చూసింది, గోడను చూసింది, ప్లేటు పెట్టేసి చేతులు కట్టుకుని నిలబడింది.

ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పాలంటే నేను జగిత్యాల పోవాలి. పోవడమంటే బస్సెక్కి కాదు. ఇప్పుడు అక్కడ ఆ మేడ లేదు, ఆ మెట్లు లేవు. బజారు వెనక సందులో పైఅంతస్తులో ముత్తయ్య సార్ స్టూడియో ఉండేది. మీసం సరిగా రాని వయసులో పని నేర్చుకోవడానికి నేను సిరిసిల్ల నుంచి వచ్చి అక్కడే ఉండిపోయాను. మా ఇంట్లో ఎప్పుడూ గంజి వాసన. పడుగుకు పట్టించిన గంజి, ఆరబెట్టిన గంజి, బట్టలకు అంటి పులిసిన గంజి. సార్ ఇంట్లో ఫోటోలు కడిగే హైపో మందు వాసన. మొదట్లో నెలరోజులు తల తిరిగింది. తర్వాత సెలవుకు ఇంటికి పోతే గంజి వాసనకు తల తిరిగేది, దాన్ని నేను పట్నం మనిషినైనందుకు గుర్తుగా భావించాను. స్టూడియో వెనకే వాళ్ల వంటిల్లు. సార్ భార్య నర్సవ్వకు, డార్కురూముకు రోజూ యుద్ధం. పచ్చిపులుసులో మందు వాసన వస్తోందని ఆమె, డార్కురూములోకి పోపు పొగ వస్తోందని ఈయన. మందులు కలిపే గంటెకు ఆమె ఎర్రగుడ్డ పీలిక కట్టింది, అది వంటింట్లోకి రాకూడదని. ఒకసారి నేను ఆ పీలిక విప్పి కళ్లద్దాలు తుడుచుకున్నాను. ఆ రోజు సాయంత్రం ఆ గంటెతో కలిపిన పప్పు ఎవరూ తినలేదు. కళ్లద్దాలు అంటున్నాను గాని అప్పుడు నా చూపుకు ఏ లోపమూ లేదు. సార్‌కు ఉన్నాయి కదా అని సిరిసిల్ల సంతలో ఉత్త అద్దాలవి కొనుక్కుని పెట్టుకునేవాణ్ని.

వారానికొక రోజు బజారు బంద్. ఆ రోజు పొద్దెక్కేసరికి చుట్టుపక్కల స్టూడియోల వాళ్లు ఒక్కొక్క ఫోటో అట్టల మధ్య పెట్టుకుని బస్సులు దిగేవాళ్లు. నర్సవ్వ పెద్ద గిన్నెలో శనగల గుడాలు ఉడకబెట్టి, ఎండుమిర్చి, ఉల్లిగడ్డ వేసి పోపు పెట్టేది. సార్ మొహం కడుక్కుని, అద్దాలు ధోతి కొంగుకు తుడుచుకుని, బల్ల మీద గుడ్డ పరిచి, పూజకు కూర్చున్నట్టు కూర్చునేవాడు. ఒక్కొక్క ఫోటో బల్ల మీదికి వస్తుంది. అందరూ చూడాలి. రూళ్లు మూడే. ఫోటో తీసినవాడు చివరిదాకా నోరు విప్పకూడదు. చూసినవాళ్లు ముందు అందులో ఏమున్నదో చెప్పాలి, ఆ తర్వాతే ఎట్లా ఉంటే మేలో చెప్పాలి. మూడోది అన్నిటికన్నా కఠినమైనది: ‘మంచిగుంది’ అన్నవాడు ఆ రోజు టీ కప్పులన్నీ కడగాలి. ‘మంచిగ లేదు’ అన్నవాడికీ అదే శిక్ష.

‘‘మంచిగుంది అంటే ఇగ చూసుడు బందైనట్టే’’ అనేవాడు సార్. ‘‘మంచిగ లేదన్నా గంతే. నీ తీర్పు ఎవలడిగిన్రు పిలగా. ఏం కనవడ్తుందో అది చెప్పు.’’

మొదటి ఆరునెలలు ఆ కప్పులు నేనే కడిగాను. మనిషికి నోట్లోంచి అంత సులువుగా ఊడిపడే మాట ఇంకోటి లేదని అప్పుడు తెలిసింది. నాలుక కొస దాకా వస్తుంది, గుడాలతో పాటు మింగాలి. టీ కోసం వచ్చేవాడున్నాడని చెప్పానే, ఆయన తెలివైనవాడు. ఏ ఫోటో వచ్చినా ‘‘ఇద్దరు మనుషులున్నరు, నిలవడ్డరు’’ అని చెప్పి టీ తాగి పోయేవాడు. ఒక్కసారీ కప్పు కడిగి ఎరుగడు.

మెల్లగా నాకు పట్టు దొరికింది. సార్ దగ్గర ఎల్ ఆకారంలో కోసిన రెండు నల్ల అట్టముక్కలుండేవి. వాటిని ఫోటో మీద ఎదురెదురుగా పెట్టి ఇటూ అటూ జరిపితే ఫోటోలో ఎంత ఉంచాలో, ఎంత తీసెయ్యాలో తేలుతుంది. సార్ వాటిని చివర్లో, అదీ ఎప్పుడో ఒకసారి, అడిగి మరీ తీసేవాడు. నేను అడగకుండా తీసేవాణ్ని. కొన్నాళ్లకు అవి నా జేబులోనే ఉండేవి. మా బాపు కన్ను నాకొచ్చిందని చెప్పుకునేవాణ్ని. సిరిసిల్లలో మా బాపు బట్ట చూస్తే తెగిన పోగు దాక్కునే జాగా ఉండేది కాదు, నిజమే. కాని ఆయన తప్పు దొరికిన చోట ఎర్రదారం ముడివేసి, నేసినవాణ్ని పిలిచి, ‘‘ఇక్కడ ఏం కనవడ్తుంది చూడు’’ అని మాత్రమే అనేవాడు. నేసినవాడే చూసుకుని, నాలుక కరుచుకుని పోయేవాడు. బాపు చూపులో సగమే నాకొచ్చింది. దారం ముడెయ్యడం వచ్చింది, పిలిచి అడగడం రాలేదు. సగమే వచ్చిందని గుర్తుపట్టడానికి నాకు డెబ్బై ఏళ్లు పట్టింది.

దేవదానం ఆ బల్ల దగ్గర అందరికన్నా ఆఖరున చేరినవాడు. చందుర్తి దగ్గరి పల్లె. వాళ్లకు భూమి లేదు. సిరిసిల్లలో ఒక స్టూడియోలో పని, సొంత కెమెరా లేదు. యజమాని ఇస్తే దాంతోనే తీసేవాడు. వచ్చి గోడకు ఆనుకుని నిలబడేవాడు. సార్ మూడుసార్లు కూర్చోమంటే గాని కూర్చునేవాడు కాదు. ఫోటో బల్ల మీద పెట్టేటప్పుడు చేతులు వణికేవి. ఆ వణుకు చూసి నాకు లోపల ఎంత హాయిగా ఉండేదో ఈ వయసులో చెప్పుకోవడానికి సిగ్గు. మాట్లాడటం తక్కువ. ఎప్పుడైనా మాట్లాడితే ఎవరికీ కనపడనిదొకటి చెప్పేవాడు. ఒకసారి ఒక ముసలావిడ ఫోటో మీద అందరం అరగంట వెలుగునీడల గురించి ఉపన్యాసాలిచ్చాక, ‘‘అవ్వ కాళ్లకు ఒక్క చెప్పే ఉన్నది సార్’’ అన్నాడు. అందరం మళ్లీ వంగి చూశాం. ఒక్కటే ఉంది. ఆ తర్వాత ఆ ఫోటోలో ఇంకేదీ కనపడలేదు.

ఇక అసలు రోజు. ఆ వారం నేను ఖిల్లా బురుజు వెనక పొద్దు గుంకుతున్న ఫోటో తెచ్చాను. అటువంటిది దేశంలో ఎవడూ తీసి ఉండడని నా నమ్మకం. బల్ల మీద పెట్టి నోరు మూసుకున్నాను. ‘‘బురుజున్నది’’ అన్నారు. ‘‘సూర్యుడున్నడు’’ అన్నారు. తర్వాత గుడాలు నమిలే చప్పుడు. చెవులు వినపడనాయన ‘‘అయిపోయిందా’’ అని పెద్దగా అడిగాడు. అప్పుడు గోడ దగ్గర్నుంచి దేవదానం మెల్లగా, ‘‘బురుజు మీద ఎవలో బట్టలారేసిన్రు అన్నా. చిన్న పిల్ల లంగ’’ అన్నాడు. అందరూ బల్ల మీదికి ఎగబడ్డారు. గింజంత లంగా, బురుజు రాళ్ల మధ్య. ఖిల్లాలో ఎవరుంటారు, ఎవరు ఆరేశారు, రాజుల కోటలో లంగా ఏమిటని ఒకటే ముచ్చట. సార్ కూడా నవ్వి, ‘‘నీ ఫోటోల పాణమంత ఆ లంగల ఉన్నదిరా నరహరీ’’ అన్నాడు. నా సూర్యుణ్ని పట్టించుకున్నవాడు లేడు. దేవదానం మెచ్చుకోలుగానే అన్నాడని ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు చెవులు మండాయి.

తర్వాత వచ్చింది అతని ఫోటో. సిరిసిల్ల స్టూడియోలో ఉన్న ఫోటో పెద్దది చేసే మిషన్‌లో అంత పెద్ద నెగెటివ్ పట్టదు కాబట్టి సారే ఆ పొద్దున డార్కురూములో పెద్దదిగా వేసి ఇచ్చాడు. బల్ల మీదికి రాగానే గుర్తుపట్టాను. మా బాపు. నేను కెమెరా పట్టిన నాటి నుంచి ఆయన్ను పదిసార్లు తీసుంటాను. ప్రతిదాంట్లో ఉరిశిక్ష విన్న మనిషిలా నిలబడతాడు. ఇక్కడ ఆయన పోగులు లెక్కపెడుతున్నాడు. ఆయన ఊపిరి నాకు వినపడింది. ఫోటోకు ఎడమ అంచున, దర్వాజా అవతల అరుగు మీద, నీడలో, నెత్తిన కొంగుతో ఒకామె. పక్కన రాట్నం, ముందు గంప. మొహం మనవైపు తిప్పి ఉంది.

నేను ముందు అందులో ఏమున్నదో చెప్పాలి. అట్టముక్కలు తీశాను.

‘‘ఎడమదిక్కు రెండించులు దండుగ’’ అన్నాను.

‘‘ముందుగాల ఏమున్నదో చెప్పురా’’ అన్నాడు సార్.

‘‘ఏమున్నది సార్, మా బాపున్నడు. మిగిలిందంత చెత్త.’’

‘‘ఆ మనిషో?’’

‘‘ఎవలో కూలామె. కండెలు చుట్టేటామె. కోసేస్తె ఫోటో నిలవడ్తది.’’ అట్టముక్కలు జరిపి ఆమెను కప్పేశాను. చూడండి అన్నట్టు చుట్టూ చూశాను. టీ ఆయన ‘‘ఒక్క మనిషున్నడు, నిలవడ్డడు’’ అన్నాడు.

దేవదానం రూలు ప్రకారం నోరు విప్పలేదు. చేతులు మాత్రం తొడల మీద వణుకుతున్నాయి. చివర్న సార్ ‘‘నువ్వేమంటవ్’’ అని అడిగితే, ‘‘అన్నకు బాగ తెలుసు గద సార్. ఆలోచన చేస్త’’ అన్నాడు. ఆలోచన చేశాడు. సిరిసిల్ల పోయి, నెగెటివ్‌ను నేను చెప్పిన చోట బ్లేడుతో కోశాడు. కోస్తే వాళ్ల మిషన్‌లో పడుతుంది, నరహరి అన్న మాటా నిలుస్తుంది. మా వృత్తిలో ఎవడూ చెయ్యని పని అది. కాగితం మీద కోస్తారు గాని నెగెటివ్ జోలికి ఎవరూ పోరు. నా మాటను అంత నమ్మినవాడు ముందూ లేడు, తర్వాతా లేడు.

ఆ సాయంత్రం అందరూ బస్సులకు పోతుంటే బల్ల మీద మిగిలిన ఆ పెద్ద ఫోటోను నేను నా సంచిలో పెట్టుకున్నాను. మా బాపు ఫోటో మా ఇంట్లో ఉండక ఎక్కడుంటుందని నాకు నేను చెప్పుకున్నాను. వానాకాలం పోయాక దేవదానం జగిత్యాల వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. సార్‌ను అడిగాడు, ఆయన డ్రాయర్లన్నీ వెతికాడు. తర్వాత నన్ను అడిగాడు. ‘‘అన్నా, గా పెద్ద ఫోటో నీకాడున్నదా?’’ నేను ట్రేలో ప్రింట్లు కదుపుతూ, ‘‘నాకేం ఎరుక తమ్మీ’’ అన్నాను. దాంతో ఏం పని అని అడగలేదు. అడిగితే చెప్పేవాడేమో. మెట్లు దిగి పోయాడు. బల్ల దగ్గరికి మళ్లీ రాలేదు.

నేను కోరుట్లలో సొంత స్టూడియో పెట్టుకున్నప్పుడు ఆ ఫోటోకు ఫ్రేము కట్టించాను. చుట్టూ తెల్లటి మౌంటు అట్ట, నేను చెప్పిన కొలతకే, ఎడమ పక్కన రెండించులు ఫోటో మీదికి ఎక్కువగా. మొదట ఎవరైనా ‘‘ఎవరు తీశారు’’ అంటే దగ్గేవాణ్ని. తర్వాత చిన్నగా నవ్వేవాణ్ని. మూడు రోజులు కాపు కాసిన కథ ఒక్కరోజులో పుట్టలేదు. మొదట్లో అది ఒక పూటే. కొన్నేళ్ల తర్వాత ఒకరోజు దేవదానం స్టూడియోకు వచ్చాడు, వేలు పట్టుకుని చిన్న ఆడపిల్ల. ఫోటో ఎదురుగా నిలబడ్డాడు. నేను ఫిలిం ఎక్కిస్తున్నట్టు కెమెరాలో తలదూర్చాను. చాలాసేపటికి, ‘‘మీ బాపు ఇంక బట్ట జూస్తనే ఉన్నడన్నా’’ అని మాత్రం అన్నాడు. గుర్తుపట్టలేదని సంతోషించాను. ఫోటో తీసినవాడు నోరు విప్పకూడదన్న రూలు అతను ఇంకా పాటిస్తున్నాడని నాకు తట్టలేదు.

ఆ ఆడపిల్లే ఇప్పుడు మా ఇంట్లో సోఫాలో కూర్చుంది.

‘‘ఎవలు తీసిన్రన్నది నాకద్దు పెద్దబాపు’’ అంది. ‘‘ఒక్కటే అడుగుత. కోసిన్రా, కప్పిన్రా?’’

నాకు అర్థం కాలేదు.

‘‘ఎడమదిక్కు ఉన్నది మా అమ్మ’’ అంది. ‘‘మీ ఇంటి అరుగు మీద కండెలు చుట్టేది. బాపు పొద్దుమీకి ఆమెను తోల్కపోను అచ్చినప్పుడు తీసిండు. గా వానాకాలమే జెరమచ్చి పోయింది. నాకు ఏడాది గూడ నిండలే. ఊరందరి ఫోటోలు తీసిన మనిషి, ఆమెది ఇంకొక్కటి తీయలే. రేపు మాపు అనుకున్నడు. నరహరి అన్న తను చెప్పినట్టే చేసెటోడు, కాయితం గూడ కోసే ఉంటడు అనుకుంటనే బాపు పోయిండు. నాకే మనసొప్పలే. ఒకపారి అడిగొస్తె పాయె అనుకున్న.’’

మా ఇంటి అరుగు. ఆమె దర్వాజా దాటి లోపలికి రాకూడదు. అది మా ఇంట్లో రూలు, దాన్ని పెట్టింది ముత్తయ్య సార్ కాదు. మా అమ్మ ఆమెకు నీళ్లు పైనుంచి వంచి పోసేది. ఫోటోలో ఆమె అంచున ఉన్నదంటే ఆమెను అక్కడ కూర్చోబెట్టింది మేమే. కూర్చోబెట్టి, అంచున ఉన్నది దండుగ అన్నాను. సెలవులకు ఇంటికి పోయినప్పుడల్లా గంపలోంచి కండెలు తీసుకున్నాను, వాటిని చుట్టిన మనిషి మొహం ఒక్కసారీ చూడలేదు. మూడు ఊళ్లను వణికించిన కన్ను ఇది.

‘‘కప్పిన బిడ్డా’’ అన్నాను. ‘‘కోయలే. కోయబుద్ధి కాలే.’’ తర్వాత మిగతాది కూడా చెప్పాను. సంచిలో పెట్టుకున్నది, లేదన్నది, మూడు దినాలు. పెద్దది చేసి చెప్పడానికి అందులో ఏమీ లేదు గనుక తొందరగానే అయిపోయింది. కోయలేదంటే నా మంచితనం కాదు. ఆ రోజు అట్టముక్కలు జరిపేటప్పుడే నాకు తెలుసు, ఆ రెండించులు తీసేస్తే ఫోటో తగ్గుతుందని. తెలిసే అన్నాను.

సత్తవ్వ స్టూలు తెచ్చింది. నేను ఎక్కబోతే, ‘‘నువ్వు దిగు. ఇయ్యాల్టికి ఎక్కింది చాలు’’ అంది. రూతే ఎక్కి ఫ్రేము దింపింది. గోడ మీద ఆ మేరకు తెల్లటి మచ్చ. బోర్లా పెట్టి చిన్న మొలలు పట్టకారుతో ఒక్కొక్కటీ పీకాను. లోపల దుమ్ము, బల్లి గుడ్ల పెంకులు. పురుగు పట్టి ఉంటుందేమో, చెమ్మ తిని ఉంటుందేమో అని నా చేతులు వణికాయి. ఫోటో పెట్టేటప్పుడు చేతులు ఎందుకు వణుకుతాయో అప్పుడు తెలిసింది. దేవదానానిది నా ముందు భయం కాదు. ఫోటోలో ఉన్నవాళ్ల గురించిన భయం.

మౌంటు ఎత్తాను. వెలుతురు తగిలినంత మేరా మా బాపు పసుపెక్కి వెలిసిపోయాడు. కప్పి ఉన్న రెండించులు మాత్రం నిన్న డార్కురూములోంచి తీసినంత నల్లగా, కొత్తగా ఉన్నాయి. అందులో ఆమె.

రూతు ఫోటో మీదికి వంగింది. సత్తవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత రూతు, ‘‘నవ్వుత లేదు. బాపును కోపం జేస్తుంది. ఆ కెమెర డబ్బ పక్కకు పెట్టు, పోదాం పా అంటుంది’’ అని, తనే నవ్వి, చెంపలు తుడుచుకుంది. ‘‘చెప్పున్రి పెద్దబాపు. ముందుగాల ఏమున్నదో చెప్పాలె గద. బాపు చెప్పేటోడు.’’

నా ఫోన్లో ఇప్పటికీ రోజుకు వంద ఫోటోలు వస్తాయి, ఒక్కోటి రెండు క్షణాలు చూసి పైకి తోసేస్తాను. ఎవరూ కప్పులు కడగనక్కరలేని కాలం ఇది. గ్రూపు కుర్రాళ్లను తిట్టాను గాని, వాళ్లు చూడకుండా సూపర్ అన్నారు, నేను ఆ మనిషిని చూడకుండా కోసెయ్యమన్నాను. వాళ్ల మాట వల్ల ఎవడూ బ్లేడు పట్టుకోలేదు. ఇప్పుడు నా అద్దాలు నిజంగా చూపు కోసం పెట్టుకున్నవి. వాటిని తుడుచుకుని, ఫోటో కిటికీ దగ్గరికి తీసుకుపోయి, ఆనాడు బల్ల దగ్గర చెప్పాల్సింది చెప్పడం మొదలుపెట్టాను. ‘‘అరుగున్నది. రాట్నమున్నది. మీ అమ్మ కుడిచేయి రాట్నం మీద లేదు, ఎత్తి ఉన్నది, నువ్వన్నట్టు కోపం జేస్తుంది. నొసట ముడి, నీకు గూడ గట్లనే పడ్తది. ఎడమచేయి గంప అంచు మీద ఉన్నది. గంపల కండెలున్నయి...’’

ఆగాను. మళ్లీ వంగాను.

‘‘కండెలు కావు బిడ్డా. పాత చీర పరిచి ఉన్నది. దాంట్లకెల్లి ఇగో, ఇక్కడ, చిన్న పాదం.’’

రూతు నా వేలి పక్కన తన వేలు పెట్టింది. మా ముగ్గురి తలలూ కలిశాయి. చిక్కుడు గింజంత పాదం, అయిదు వేళ్లూ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. ఆ చెయ్యి గంప అంచున ఎందుకుందో అప్పుడు తెలిసింది.

‘‘మంచిగుంది’’ అన్నాను. నోట్లోంచి ఊడిపడింది, ఆపుకోలేకపోయాను.

రూతు ఫోటో మీంచి తల ఎత్తకుండానే, ‘‘అన్నరు. ఇగ కప్పులు కడగాలె’’ అంది.

మూడు కప్పులు, ఒక మిక్చరు ప్లేటు. ఎత్తుకుని వంటింట్లోకి పోయాను. పెళ్లైనప్పటి నుంచి ఆ పని చేయని మనిషికి సత్తవ్వ పక్కకు జరిగి దారి ఇచ్చింది. అవతల గదిలో ఆమె, రూతు ఆ ఫోటోను పాత దుప్పట్లో చుట్టుతున్న చప్పుడు. నేను నల్లా తిప్పి మొదటి కప్పు కడిగాను, రెండోది కడిగాను, తర్వాత మళ్లీ మొదటిది కడిగాను. మూడు కప్పులకు అంతసేపు ఎందుకు పట్టిందని ఇద్దరిలో ఎవరూ అడగలేదు.